మనసుకూ ఒక డ్రిల్లు పిరియడ్

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మేము ముగ్గురం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల కష్టం గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అవన్నీ మంచి మాటలే. అయితే మేము చదువుతున్నది ఎం.పి.ఎడ్. మా సిలబస్‌లో క్రీడా మనస్తత్వ శాస్త్రం అని ఒక పేపరు ఉంది. ఆ పేపరు చదువుతున్నంతసేపూ మాకు గుర్తొచ్చింది మన హాస్టల్ గ్రౌండే. అందుకే ఆ సంగతులు రాస్తున్నాం. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా మాట ముగ్గురిదీ కాబట్టి ‘మేము’ అనే రాస్తున్నాం.

ముందుగా మా పరిచయం. ఆరో తరగతిలో ఒక ట్రంకు పెట్టె, ప్లేటు, గ్లాసుతో ఇక్కడికి వచ్చాం. పదో తరగతి దాకా ఇక్కడే పెరిగాం. మా నాన్నల్లో ఒకరిది బేల్దారి పని, ఒకరిది ఆటో, ఒకరిది వ్యవసాయ కూలి. మిరప కోతల కాలంలో మా అమ్మలు ముగ్గురూ కోతలకు వెళ్ళేవాళ్ళే. మూడు ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. 23 ఏళ్ళు వచ్చినా ఇంకా చదువుతున్నామంటే ఊళ్ళో అడుగుతుంటారు: “ఆటలు ఆడించడానికి అంత చదువు ఎందుకురా అబ్బాయ్? పరుగెత్తేవాడు పరుగెత్తుతాడు, లేనివాడు కూర్చుంటాడు!” అని. వాళ్ళకు మేము ఇచ్చే జవాబు కూడా ఇందులో ఉంది.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మన హాస్టల్ పిల్లలే ఎక్కువగా ఉన్న స్కూలు జట్టు జోనల్ కబడ్డీ పోటీలకు వెళ్ళింది. ఆ జట్టులో మాతోపాటు ఒక రైడర్ ఉండేవాడు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. సాయంత్రం మన గ్రౌండ్‌లో అతను కూతకు వెళ్తే ఇద్దరు ముగ్గురిని తాకకుండా వెనక్కి వచ్చేవాడు కాదు. పై తరగతుల అన్నలు కూడా అతన్ని పట్టలేకపోయేవాళ్ళు. ఆ రోజు ఎదుటి జట్టు ఒక ప్రైవేటు స్కూలుది. అందరికీ ఒకే రంగు ట్రాక్‌సూట్లు, కొత్త బూట్లు, గ్లూకోజు నీళ్ళ సీసాలు. వాళ్ళ తల్లిదండ్రులు కార్లలో వచ్చి గీత పక్కనే కుర్చీలేసుకుని కూర్చున్నారు. మా బనియన్ల మీద నంబర్లు మేమే స్కెచ్ పెన్నుతో రాసుకున్నాం. మావాడు మొదటి రైడ్‌కు మధ్య గీత దాటాడు. కూత సగంలోనే తెగిపోయింది. రెండోసారి బోనస్ గీత దాకా కూడా పోలేదు. మూడోసారి దొరికిపోయాడు. చేతులు వణకడం మేము కళ్ళారా చూశాం.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎవరం మాట్లాడలేదు. మాతో వచ్చిన పెద్దాయన ఒక్క మాట అన్నారు: “మీకు ఒళ్ళుంది గానీ గుండె లేదురా.” ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు మా అందరికీ సొంత డబ్బులతో ఇడ్లీ పెట్టించింది ఆయనే. ఆయనకు తెలిసింది అంతే. కానీ ఆ మాట తర్వాత మావాడు మళ్ళీ గ్రౌండ్‌లోకి దిగలేదు. పదో తరగతి అయ్యాక సెంట్రింగ్ పనికి వెళ్ళిపోయాడు. అతని కాళ్ళలో అప్పుడున్న వేగం ఇన్నేళ్ళలో మేము ఏ యూనివర్సిటీ జట్టులోనూ ఎక్కువమందిలో చూడలేదు.

గుండె ఉండడం, లేకపోవడం అంటే ఏమిటి? అది పుట్టుకతో వచ్చేదా? లేక పట్టు పట్టడంలాగా, కాలు అందించి లాగడంలాగా నేర్చుకుంటే వచ్చేదా? ఈ ప్రశ్నకు ఎనిమిదేళ్ళ తర్వాత ఎం.పి.ఎడ్. తరగతి గదిలో మాకు జవాబు దొరికింది. నేర్చుకుంటే వచ్చేదే.

ఇది ఎవరో ఊరికే చెప్పిన ధైర్యం మాట కాదు. 1898లోనే అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిల్ పందేల లెక్కలు పరిశీలించాడు. ఒంటరిగా తొక్కేటప్పటికన్నా పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు మనిషి వేగంగా తొక్కుతున్నాడని గమనించాడు. అంటే పక్కవాళ్ళ ఉనికి మన కాళ్ళ మీద పనిచేస్తుందన్నమాట. 1925లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడాకారుల కోసమే ఒక పరిశోధనశాల నడిపాడు. కోచింగ్‌లో మనస్తత్వ శాస్త్రం గురించి 1926లో పుస్తకం రాశాడు. కాబట్టి ఈ చదువుకు వందేళ్ళు దాటాయి. మన గ్రౌండ్ దాకా రావడమే ఆలస్యమైంది.

మాకు బాగా నచ్చిన పాఠం ఇంకొకటి ఉంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగం చేశారు. కష్టమైన పని నేర్చుకునేటప్పుడు ఒత్తిడి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఎలుకలు సరిగా నేర్చుకోలేదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే బాగా నేర్చుకున్నాయి. దాని నుంచి వచ్చిన గీత పుస్తకాల్లో బోర్లించిన గిన్నెలా ఉంటుంది. మన మెస్‌లో వంట చేసే అక్కను అడిగితే ఇదే సంగతి ఇంకా తేలిగ్గా చెబుతుంది. మంట చాలకపోతే అన్నం పలుకుగా ఉంటుంది. మంట ఎక్కువైతే అడుగంటుతుంది. మ్యాచ్ ముందు గుండె కొట్టుకోవడం తప్పు కాదు. అది మంట. మంట అసలు లేకపోతే అన్నమే ఉడకదు. ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో తెలియడమే విద్య. గుండు విసిరేవాడికి కావలసిన మంట వేరు, బాణం గురి చూసేవాడికి కావలసిన మంట వేరు.

మన పి.వి. సింధు సంగతి తీసుకోండి. 2016 ఆగస్టు 19 సాయంత్రం స్టడీ అవర్ ఆపి మన హాల్లో టీవీ పెట్టారు. రియో ఒలింపిక్స్ ఫైనల్. కరోలినా మారిన్ మీద మొదటి గేమ్ 21–19తో సింధు గెలిచినప్పుడు మనవాళ్ళు చేసిన గోల ఊళ్ళోకి వినపడింది. తర్వాతి రెండు గేములు 12–21, 15–21తో పోయాయి. వెండి పతకం వచ్చింది. ఆ తర్వాత 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడి ఓడింది. 2018లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లోనూ, ఏషియాడ్ ఫైనల్లోనూ ఓడింది. ‘సింధుకు ఫైనల్ అంటే భయం’ అని పేపర్లలో రాయడం మొదలైంది. గుండె లేదు అన్నమాటే, కాస్త పెద్ద అక్షరాల్లో.

అదే సింధు 2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్‌లో అదే ఒకుహారాను ఓడించింది. 2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను అదే ఒకుహారా మీద 21–7, 21–7తో 38 నిమిషాల్లో ముగించింది. ఇది ఒక్క మనసు వల్లే జరిగిందని మేము అనం. ఆట, ఒళ్ళు, ఎదుటివాళ్ళ ఆ రోజు పరిస్థితి అన్నీ కలుస్తాయి. మేము అనేది ఇంతే. ‘ఫైనల్ గెలవలేని మనిషి’ అని ఎవరి నుదుటి మీదా రాసి ఉండదు.

రియో రోజుల్లోనే పత్రికల్లో ఇంకో సంగతి వచ్చింది. సింధు చిన్నప్పుడు మెతకగా ఉండేది. పాయింటు గెలిచినా గొంతు లేచేది కాదు. కోచ్ పుల్లెల గోపీచంద్ గారు ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ గట్టిగా అరవమన్నారట. అరిచేదాకా రాకెట్ పట్టనివ్వలేదట. ఆమెకు ఏడుపొచ్చినా చివరికి అరిచింది. చూడండి తమ్ముళ్ళూ, స్మాష్ నేర్పినట్టే అరవడం కూడా నేర్పారు. ఈ సంగతి మన పిల్లలకు ఎంత అవసరమో మనకు తెలుసు. మనలో చాలామందికి ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పింది పెద్దవాళ్ళ ముందు తల వంచుకుని మెల్లగా మాట్లాడమనే. అలా పెరిగిన పిల్లవాణ్ణి ఒక్కరోజు గీత మీద నిలబెట్టి సింహంలా దూకమంటే ఎలా దూకుతాడు?

ఇదంతా లేనివాళ్ళ సమస్య, డబ్బున్నవాళ్ళకు ఉండదు అనుకుంటారేమో. అభినవ్ బింద్రాకు ఇంటి ఆవరణలోనే సొంత షూటింగ్ రేంజ్ ఉండేది. అయినా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్‌కు చేరి ఏడో స్థానంలో మిగిలాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు గురితోపాటు మనసునూ సాధన చేశాడు. బీజింగ్‌కు ముందు భయాన్ని ఎదుర్కోవడం నేర్చుకోవడానికి సుమారు 40 అడుగుల స్తంభం ఎక్కాడు. సగం దూరంలో భయమేసి, మళ్ళీ పైదాకా ఎక్కానని తనే చెప్పాడు. 2008 ఆగస్టు 11న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచాడు. ఒలింపిక్స్‌లో మన దేశానికి వ్యక్తిగత విభాగంలో వచ్చిన మొదటి బంగారం అదే. అన్నీ ఉన్నవాడికి కూడా ఇది నేర్చుకోవలసి వచ్చింది.

ఇక మనవాళ్ళ మాట. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. మాకన్నా రెండేళ్ళే పెద్ద. మేము ఆరు పూర్తిచేసి వేసవి సెలవుల్లో ఊళ్ళో ఉన్నాం. పేపర్లో ఫోటో చూసి ‘వాళ్ళకు ఎంత గుండెరా’ అనుకున్నాం. పెద్దయ్యాక తెలుసుకుంటే, ఆ గుండె ఒక్కరోజులో రాలేదు. ముందు భువనగిరి రాతి గుట్ట ఎక్కించారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ ఇచ్చారు. తర్వాత లదాఖ్ చలికి అలవాటు చేశారు. కొండ ఎత్తు పెంచుకుంటూ పోయినట్టే భయాన్ని కూడా మెట్టు మెట్టుగా ఎక్కించారు. ఏ శిక్షణకైనా ఇదే పద్ధతి.

ఇప్పుడు అసలు పని గురించి చెబుతాం. మంచి బూట్లకు డబ్బు కావాలి. గ్రౌండ్‌కు స్థలం కావాలి. ఈ శిక్షణకు మాత్రం రోజుకు పది పదిహేను నిమిషాలు, ఒక నోటుబుక్కు చాలు.

మొదటిది ఊపిరి. మనం ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, పీల్చేటప్పుడు పెరుగుతుంది. అందుకే నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అలా పదిసార్లు చేస్తే మంట కొంచెం తగ్గుతుంది. కబడ్డీ ఆడేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కూత అంటేనే ఒకే ఊపిరిని పొదుపుగా వదలడం. మన తాతల ఆటలోనే ఈ పాఠం ఉంది. మ్యాచ్ రోజున మొదటిసారి చేస్తే మాత్రం పనిచేయదు. ప్రతిరోజూ చేసినవాడికే ఆ రోజు అక్కరకొస్తుంది.

రెండోది కళ్ళు మూసుకుని ఆడుకోవడం. పుస్తకాల్లో దీన్ని ఇమేజరీ అంటారు. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కు అతని కోచ్ బాబ్ బౌమన్ చిన్నప్పటి నుంచే రోజూ పడుకునే ముందు, లేచాక, మొత్తం రేసును మనసులో సినిమాలా చూడమని చెప్పేవాడు. గెలిచినట్టు మాత్రమే కాదు, ఏదైనా చెడితే ఏం చేయాలో కూడా. ఒక పోటీకి ముందు ఆ కోచ్ కావాలనే ఫెల్ప్స్ కళ్ళద్దాలు తొక్కి పగలగొట్టాడు కూడా. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌లో ఫెల్ప్స్ కళ్ళద్దాల్లోకి నిజంగానే నీళ్ళు వచ్చేశాయి. గోడ కనపడలేదు. అతను కంగారు పడకుండా చేతులు ఎన్నిసార్లు వేయాలో లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచాడు. మనం కూడా కళ్ళు మూసుకుని మధ్య గీత దాటాలి. కాళ్ళ కింద మట్టి, చెవుల్లో గోల, ఎదుటివాడి బూట్లు అన్నీ చూడాలి. దొరికిపోయినట్టు చూసి, మళ్ళీ లేచి వెళ్ళినట్టు కూడా చూడాలి.

మూడోది మనతో మనం మాట్లాడుకునే మాట. ఆటలో ప్రతివాడూ లోపల ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటాడు. ‘భయపడకూడదు, భయపడకూడదు’ అనుకుంటే మిగిలేది భయమే. దానికి బదులు చేయాల్సిన పని చెప్పుకోవాలి. ‘కిందికి వంగు’, ‘ఎడమ కార్నర్ కాలు చూడు’. రెండు మూడు మాటలు చాలు. మనలో చాలామందికి లోపల వినపడే గొంతు మనది కాదు. ఎప్పుడో ఎవరో అన్న ‘మీ వల్ల కాదురా’ అన్న గొంతు. దాన్ని గుర్తుపట్టడం కూడా సాధనలో భాగమే.

నాలుగోది నోటుబుక్కు. ‘జిల్లా ఫస్ట్ రావాలి’ అని రాసుకోవడం మంచిదే, కానీ అది మన ఒక్కరి చేతిలో లేదు. ఎదుటివాడు మనకన్నా బాగా ఆడవచ్చు. దాని కింద మన చేతిలో ఉన్నది రాయాలి. ‘800 మీటర్ల పరుగులో ఈ నెల నా టైము 3 సెకన్లు తగ్గించాలి.’ దాని కింద ఈ రోజు పని రాయాలి. ‘మొదటి 200 మీటర్లు తొందరపడి ఊపిరి అవగొట్టుకోకూడదు.’ సాయంత్రం పడుకునే ముందు చేశామా లేదా అని ఒక టిక్కు పెట్టుకోవాలి.

ఐదోది, తప్పు జరిగిన తర్వాత చేయాల్సిన చిన్న పని. క్యాచ్ వదిలేసినవాడు దాన్నే తలచుకుంటూ ఉంటే తర్వాతి బంతి కూడా వదిలేస్తాడు. అందుకే ప్రతివాడికీ ఒక అలవాటు ఉండాలి. కాస్త మట్టి తీసి చేతులకు రుద్దుకుని దులిపేయాలి. ఒక ఊపిరి వదలాలి. మన మాట మనం చెప్పుకోవాలి. మట్టితో పాటు తప్పు కూడా రాలిపోయినట్టు లెక్క. ఇది మూఢనమ్మకం కాదు. మనసును వెనకటి నిమిషం నుంచి ఈ నిమిషంలోకి తెచ్చే పద్ధతి.

ఇవన్నీ పోయిన ఏడాది వార్డెన్ గారి అనుమతితో ఇక్కడే చేసి చూశాం. శని, ఆదివారాల్లో వచ్చి రెండు నెలలపాటు 12 మంది కబడ్డీ పిల్లలతో కూర్చున్నాం. మొదటి రోజు కళ్ళు మూసుకోమంటే కిసుక్కున నవ్వులు. ఒక తమ్ముడైతే నిజంగానే గురక పెట్టాడు. మేమూ నవ్వుకున్నాం. మూడో వారానికి నవ్వులు ఆగాయి. గోలకు అలవాటు చేయాలని, రైడ్ చేసేటప్పుడు మిగతా పిల్లలందరి చేతా మెస్ ప్లేట్లు, గరిటెలు మోగించాం. వంట అక్క వచ్చి ‘ప్లేట్లు సొట్టలు పడితే ఎవరు కొనిస్తారు?’ అని కోప్పడింది. పోటీలకు ముందు రోజు సాయంత్రమే పిల్లల్ని ఆ గ్రౌండ్‌కు తీసుకెళ్ళి గీతల వెంబడి వట్టి కాళ్ళతో నడిపించాం. ‘రేపు ఇక్కడ కార్లుంటాయి, కుర్చీలుంటాయి, ట్రాక్‌సూట్లుంటాయి. కోర్టు కొలత మాత్రం మన కోర్టు కొలతే’ అని చెప్పాం.

సెమీ ఫైనల్‌లో 2 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. చివరి మూడు నిమిషాల్లో, అప్పటికి రెండుసార్లు దొరికిపోయిన రైడర్ గీత దగ్గర వంగి మట్టి తీసి చేతులకు రుద్దుకున్నాడు. ఊపిరి వదిలాడు. కూత పెట్టి వెళ్ళాడు. ఒక పాయింటు తెచ్చాడు. చాలలేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకటే మాటలు. ‘ఎడమ కార్నర్ వాడు ముందే కదులుతున్నాడన్నా, అది మనం ముందే చూడాల్సింది’ అని ఒకడు, ‘వచ్చే ఏడు వాణ్ణే పడదాం’ అని ఇంకొకడు. ఓడిపోయినవాళ్ళు తమ గురించి కాకుండా ఆట గురించి మాట్లాడుకుంటూ రావడం మేము మొదటిసారి విన్నాం. మర్నాడు పొద్దున 12 మందీ గ్రౌండ్‌లో ఉన్నారు. మాకు వచ్చిన కప్పు అదే.

ఇక పీఈటీ సార్లకు, కోచ్‌లకు, పిల్లల్ని ఆడించే పై తరగతి అన్నలకు ఒక మనవి. మానసిక శిక్షణ ఆడేవాళ్ళకే కాదు, ఆడించేవాళ్ళకూ కావాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే ఇద్దరు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లతో ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళు నేర్పింది చాలా చిన్న విషయం. పిల్లవాడు తప్పు చేస్తే ముందు అతను బాగా చేసింది చెప్పండి, తర్వాత సరిదిద్దుకోవలసింది చెప్పండి, చివర ధైర్యమిచ్చే మాటతో ముగించండి. ప్రయత్నాన్ని గుర్తించండి. తిట్టకండి. 1992లో అచ్చయిన వాళ్ళ అధ్యయనంలో, ఈ శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మంది మరుసటి ఏడాది ఆట మానేశారు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసినవాళ్ళు 5 శాతమే. గెలుపోటముల్లో ఆ జట్ల మధ్య తేడా లేదు. అంటే పిల్లలు మానేసింది ఓడిపోయినందుకు కాదు. ఈ లెక్క చదివిన రోజు మేము ముగ్గురం చాలాసేపు మాట్లాడుకోలేదు. మాకు ఒక్కడే గుర్తొచ్చాడు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మనసు శిక్షణ అన్నం బదులు పనికిరాదు. గుడ్డు, పాలు, గ్రౌండ్, బూట్లు, నిద్ర ఇవ్వకుండా ‘మనసు గట్టిగా ఉంచుకో’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఓడిపోయిన ప్రతిసారీ ‘నీ మనసు బలహీనం’ అనడం కూడా ‘గుండె లేదు’ అన్న పాత మాటకు కొత్త చొక్కా తొడగడమే. పల్వాంకర్ బాలూ అనే దళిత బౌలర్ 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అంతకుముందు పూనాలో ఆడేటప్పుడు తోటి ఆటగాళ్ళు పింగాణీ కప్పుల్లో టీ తాగుతుంటే, అతనికి బయట మట్టి ముంతలో పోసేవాళ్ళు. అతని మనసు గట్టిదే, సందేహం లేదు. కానీ అక్కడ మారాల్సింది బాలూ మనసు కాదు, ముంత వేరుగా పెట్టినవాళ్ళ మనసు. రెండింటికీ తేడా మనం మరచిపోకూడదు.

ఇంకొకటి. మ్యాచ్ ముందు భయం వేరు, రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏదీ వద్దనిపించడం వేరు. అది జబ్బు, దానికి డాక్టరు కావాలి. బంగారు పతకం గెలిచాక కుంగుబాటుకు లోనయ్యానని బింద్రా తనే చెప్పాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ గాలిలో తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చి, టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. ప్రపంచమంతా ఏవేవో అంది. 2024 పారిస్‌లో తిరిగొచ్చి మూడు బంగారు పతకాలు, ఒక వెండి గెలిచింది. ఆగడం కూడా ధైర్యమే. మన పిల్లల్లో ఎవరికైనా అలా ఉంటే వార్డెన్ గారికి చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. దాచుకోకండి.

చివరగా మా కోరికలు మూడు. పొద్దున గ్రౌండ్‌కు వెళ్ళే ముందు ఒక పది నిమిషాలు ఊపిరికీ, కళ్ళు మూసుకుని ఆడుకోవడానికీ కేటాయించండి. హాస్టల్‌లో ఇచ్చే నోటుబుక్కుల్లో ఒకటి ఆటకు ఉంచుకోండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలు ప్రతి ఏడూ బూట్లో, బంతులో కొనిస్తున్నారు, సంతోషం. వాటితోపాటు ఏడాదిలో ఒక్క ఆదివారం వచ్చి పిల్లల పక్కన గీత మీద కూర్చోండి. మొదటి ఇంటర్వ్యూలో, మొదటి ఇంగ్లీషు మీటింగ్‌లో మీ చేతులు ఎలా వణికాయో, ఎలా నిలబడ్డారో చెప్పండి. గుండె అందరికీ కొట్టుకుంటుందని, దాన్ని పట్టుకోవడం నేర్చుకోవచ్చని మీ నోటి నుంచి వింటే పిల్లలు నమ్ముతారు.

డ్రిల్లు పిరియడ్‌లో చేతులూ కాళ్ళూ కదిలించాం. ఇకనుంచి మనసుకూ ఒక డ్రిల్లు పిరియడ్ పెట్టుకుందాం. వచ్చే వార్షికోత్సవానికి మళ్ళీ కలుద్దాం. అప్పటికి మీ నోటుబుక్కుల్లో ఎన్ని టిక్కులున్నాయో చూడటానికి మేము తప్పకుండా వస్తాం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. సెలవు.